ఒక చెప్పు తొడిగినాక

నా మనవరాలు హారిక కథలు రాస్తుంది. కాగితం మీద కాదు, ఫోన్లో, రెండు బొటనవేళ్ళతో, నేను చెనిక్కాయలు ఒలిచేంత వేగంగా రాస్తుంది. దాని వయసు పిల్లలే చదువుతారట, చదివి కింద ఎర్ర గుండెకాయలు పెడతారట. ఈ మధ్య మొదలుపెట్టిన కథలో ఒక అమ్మాయి బస్సు ఎక్కితే ఒక బతుకు, ఎక్కకపోతే ఇంకో బతుకు. ఎక్కిన అమ్మాయి ఒకణ్ణి ప్రేమిస్తుంది, ఎక్కని అమ్మాయి ఇంకొకణ్ణి. రెండు బతుకులూ పక్కపక్కనే నడుస్తాయి. "మరి టికెట్టు ఎవరు కొంటారు?" అని అడిగాను. అది నన్ను జాలిగా చూసింది. అంగడి మనుషులతో కథల గురించి మాట్లాడకూడదని ఆ చూపుకు అర్థం. కాసేపటికి ఏమనుకుందో, నా మంచం మీదికి జరిగి, "అవ్వా, నీకు ఇంకో దారి ఉండిందా? తాతను కాకుండా ఇంకెవరినన్నా చేసుకునే దారి?" అంది. పక్కగదిలో మా ఆయన పేపరు చదువుతున్నాడు. పేజీ తిప్పిన చప్పుడు వినపడింది. "ఉండె. జమ్మలమడుగు దారి" అన్నాను, తమాషాకు అన్నట్టే. అది తమాషాగా తీసుకోలేదు. మొత్తం చెప్పేదాకా వదల్లేదు, చెప్పాక జమ్మలమడుగు తీసుకుపొమ్మని పట్టుబట్టింది. నేత చీరలు కొనాలన్న సాకు కూడా అదే కనిపెట్టింది. పులివెందులలో సొంత గుడ్డలంగడి పెట్టుకుని చీర కొనడానికి జమ్మలమడుగు పోవడమంటే, చీనీతోట పెట్టుకుని బజార్లో చీనీకాయలు కొన్నట్టు. అయినా బయల్దేరాను. ఎందుకు బయల్దేరానో చెప్పాలంటే ముందు ప్రొద్దుటూరు గురించి చెప్పాలి.

నేను పుట్టి పెరిగింది ప్రొద్దుటూరులో. ముందు అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక వాకిలి. ఆ వాకిట్లోంచి పొద్దున కొత్త గుడ్డల గంజివాసన ఇంట్లోకి వచ్చేది, మధ్యాహ్నం అమ్మ నూరే ఊరిబిండి పచ్చడి వాసన అంగట్లోకి పోయేది. పట్టుచీరల మడతల్లో వేసే కలరా ఉండల వాసన మాత్రం రెండు చోట్లా కాపురం చేసేది. మా ఇంట్లో సంకటి తిన్నా అదే వాసన వస్తుందని చుట్టాలు మూతులు తిప్పేవాళ్ళు. తిప్పుకుంటూనే ఇంకో ముద్ద పెట్టించుకునేవాళ్ళు. మా ఇంట్లో బేరం లేకుండా ఏ పనీ జరిగేది కాదు. నాకు కొత్త పావడా కావాలంటే నేను శుక్రవారం అనేదాన్ని, అమ్మ ఉగాది అనేది, పున్నమి దగ్గర తెగేది. మా జేజి డాక్టరుతో బేరమాడేది: "మూడు పూటలు మింగమంటాండావు, రెండు పూటలకు నయం చేయి నాయనా, ముసలిదాన్ని." నాయన దేవుళ్ళను కూడా వదిలేవాడు కాదు. వ్యాపారం బాగుంటే అమ్మవారికి చీర పెడతానని మొక్కుకునేవాడు. వ్యాపారం బాగుపడ్డాక, "చీర అంటిని గానీ జరీ అంచని నేనన్లేదే" అని ఆమెకే ఎదురు తిరిగేవాడు. ఎవరైనా అడిగింది అడిగినట్టు ఇచ్చేస్తే మా వాళ్ళు సంతోషపడేవాళ్ళు కాదు. తక్కువ అడిగామే అని రాత్రంతా కుమిలిపోయేవాళ్ళు.

నాయనకు ఒక చెవి సరిగా వినపడేది కాదు. గుడ్డలంగట్లో ఇది చిన్న లోపం కాదు. గిరాకి మన ముఖం చూసి చెప్పేదంతా అబద్ధం. నిజం వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకునేటప్పుడే బయటపడుతుంది. "రంగు బాగుందమ్మా, ఎంతైనా కొందాం" అని తల్లి చెవిలో కూతురు అంటుంది, తల్లి వెంటనే ముఖం చిట్లించి "ఇదేం చీరప్పా, గోనెసంచి మాదిరుంది" అంటుంది. ఈ రెండు మాటల మధ్య సందులోనే అంగడోడి అన్నం ఉంటుంది. ఆ సందు వినడానికి నాయన నన్ను పెట్టుకున్నాడు. బడినుంచి రాగానే గుడ్డల తాన్ల పక్కన పరుపు మీద కూర్చుని పుస్తకం తెరిచేదాన్ని. చదివేది ఏమీ లేదు, అంతా వినడమే. పక్కన ఒక చెంబు నీళ్ళు. గిరాకి చీర మీద మనసు పడిందని తెలిస్తే నేను నీళ్ళు తాగేదాన్ని, అంటే బిగించమని. నిజంగానే లేచిపోతారని తెలిస్తే ముందరున్న చీర ఏదో ఒకటి తీసి మడతపెట్టేదాన్ని, అంటే దిగమని. నాయన ఒక కన్ను గిరాకి మీద, ఒక కన్ను నా మీద పెట్టి వ్యాపారం చేసేవాడు. ఊరికి మేము చెప్పుకున్నది నాయన తెలివి గురించి. నిజానికి ఆ అంగడి నడిచింది నా దప్పిక మీద.

నాయన నేర్పిన పాఠాల్లో పెద్దది చెప్పుల పాఠం. అప్పుడు గిరాకి చెప్పులు మెట్టు కింద విడిచి పరుపు మీదికి వచ్చి కూర్చోవాలి. బేరం కుదరకపోతే లేచి, మెట్టు దిగి, చెప్పులు వెతుక్కుని తొడుక్కోవాలి. "లేస్తానే పిలవగూడదు పాపా" అనేవాడు నాయన. "పిలిస్తే మనకు గతిలేదని తెలిసిపోతాది. రెండు చెప్పులూ తొడగనిచ్చినావంటే పక్కంగడికి పోయినట్టే. ఒక చెప్పు తొడిగినాక, రెండోదానికి కాలు సాచినప్పుడు పిలువు. అప్పుడు మనిషి మనసు కూడా సగం లోపల, సగం బయట ఉంటాది." వేదం చదువుకున్నవాళ్ళు స్వరం తప్పితే ఎంత బాధపడతారో తెలియదు గానీ, మా ఇంట్లో పిలుపు తప్పితే ఆ పూట అన్నం సయించేది కాదు.

శ్రీనివాసులు మా అంగడికి వచ్చింది వాళ్ళ నాయన నరసయ్యతో. వాళ్ళది జమ్మలమడుగులో గుడ్డలంగడి. పండగల ముందు మా దగ్గర టోకుగా సరుకు తీసుకుపోయేవాళ్ళు. శీనా అని పిలిచేవాళ్ళు అతన్ని. చామనఛాయ, పల్చటి మీసం, నూనె పెట్టినా లొంగని జుట్టు. అందగాడని చెప్పను. అందగాడని చెబితే మీరు ఎక్కువ ధరకు కొంటారు, తర్వాత నన్ను తిడతారు. మొదటిసారి వచ్చినప్పుడు నా వైపు చూడలేదు. రెండోసారి నా చెంబు వైపు చూశాడు. ఆ తర్వాత ఒకసారి, నాయన కొత్తరకం చీరల కట్ట విప్పగానే, వాళ్ళ నాయన చెవిలో, నాకు స్పష్టంగా వినపడేటంత గుసగుసగా, "వద్దు నాయనా, రంగు పోతాదంట, లేద్దాం పా" అన్నాడు. నేను భయపడి చీర మడతపెట్టాను. మా నాయన దిగాడు. వాళ్ళు కట్టంతా కొనేశారు. పోతూ పోతూ శీనా నావైపు తిరిగి చిన్నగా నవ్వాడు. మా గుట్టు పట్టేశాడని అప్పుడు తెలిసింది.

ఇంకోసారి వచ్చినప్పుడు బేరం మధ్యలో ఎదురంగడి నుంచి గోలీసోడా తెప్పించి నా ముందర పెట్టించాడు.

"ఏందప్పా ఇది?" అన్నాడు నాయన.

"మీ పాపకు దప్పిక శానా గదా మామా" అన్నాడు శీనా, చాలా వినయంగా. "వచ్చినప్పుడల్లా చూస్తాండా. ఒట్టి నీళ్ళతో యాడ తీరుతాది?"

నాయనకు వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో. నేను సోడా తాగలేదు. తాగితే బిగించమని సైగ, తాగకపోతే మర్యాద కాదు. గోలీ లోపల అటూ ఇటూ కదులుతుంటే సీసా పట్టుకుని అట్లే కూర్చున్నాను. నా చెవులకు దొరికిపోనివాళ్ళు ప్రొద్దుటూరు చుట్టుపక్కల ఎవరూ లేరనుకునేదాన్ని. నన్ను మోసం చేసిన మొదటి మనిషి అతను. అంగళ్ళ మధ్య పెరిగిన ఆడపిల్లకు ప్రేమ పుట్టడానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

ఆ తర్వాత మా మాటలన్నీ బేరం లోపలే నడిచాయి. అతను పంచెల తాను చూపించి, "ఇది ఎన్నాళ్ళుగా ఉందో ఈడ, ఎవురూ తీసుకుపోలేదా?" అనేవాడు. నేను పుస్తకంలోంచి తలెత్తకుండా, "మంచి సరుకు తొందరపడదు" అనేదాన్ని. "మరీ ఆలస్యమైతే మడతల కాడ చిరుగుతాదే" అనేవాడు. మా నాయన, వాళ్ళ నాయన పక్కనే కూర్చుని పంచెల గురించే అనుకునేవాళ్ళు. ఒక వేసవిలో శీనా ఒక్కడే వచ్చాడు. సరుకు పెద్దగా ఏమీ కొనలేదు. మెట్టు దిగి, చెప్పులు తొడుక్కోకుండానే వెనక్కి తిరిగి, "మా నాయనను పంపిస్తా. బేరమాడేటప్పుడు మరీ బిగించొద్దు. మా నాయన లొంగే మనిషి కాదు" అన్నాడు. నేను నవ్వాను. ఏ గిరాకి అయినా మొదట చెప్పే మాట అదే కదా.

నరసయ్య వచ్చాడు. పెళ్ళిచూపులని పేరుకే, చూసుకోవాల్సినవి ఎప్పుడో చూసుకున్నాం. ఇంట్లో అమ్మ ఓళిగలు చేసింది. నెయ్యి వాసన కలరా ఉండల వాసనను ఆ ఒక్కరోజుకు ఓడించింది. పెట్టుపోతల మాటలు తొందరగానే తెగాయి, ఇద్దరూ ఒకే బజారు మనుషులు కాబట్టి. చిక్కు నా దగ్గర వచ్చింది. నాకు శీనా కావాలి, అంగడి కూడా కావాలి. పెళ్ళయ్యాక వంటింట్లో కూర్చుని, అవతల ఎవరో ఏదో గుసగుసలాడుతుంటే వినకుండా బతకడం నా వల్ల కాదని నాయనకు ముందే చెప్పాను. నాయనకు కొడుకుల్లేరు. తన చెవిని ఇంకో అంగడికి ఇస్తున్నాడు కాబట్టి ఆ చెవికి చోటు అడగడం న్యాయమే అనుకున్నాడు.

"మా పాప అంగట్లో కూచుంటాది నరసయ్యా" అన్నాడు.

"మా ఇంట్లో ఆడోళ్ళు అంగడి మెట్టెక్కరప్పా" అన్నాడు నరసయ్య. "శుక్రవారం దీపం పెట్టడానికైతే సరే."

"దీపం పెట్టి రోజంతా ఉంటాది."

"దీపం ఎంతసేపు మండితే అంతసేపు."

"నూనె మేము పంపిస్తాంలే."

నరసయ్య నవ్వాడు. మంచి బేరగాడు. నవ్వి ఒక మెట్టు దిగాడు. "లోపల గదిలో కూచోనీ. సరుకు సర్దుకుంటా ఉంటాది. ముందర తెర కడతాం."

"తెర వద్దు" అన్నాడు నాయన.

"తెర లేకుంటే ఊరోళ్ళు ఏమంటారు? కోడల్ని గల్లా ముందర కూచోబెట్టినారంటారు. నల్ల తెర ఎందుకు, పువ్వుల తెర కడతాంలే."

తలుపు చాటున నేను వింటున్నాను. తెర వెనకాల గది అంటేనే నాకు పండగ. గుసగుసలు వినడానికి తెర అడ్డమా? నిజానికి తెర వెనకనుంచే బాగా వినపడతాయి. శీనా నా పక్కన, అంగడి నా ముందర. అంతకంటే ఏం కావాలి? కానీ మెట్టు దిగిన మనిషి ఇంకో మెట్టు దిగుతాడని నా రక్తంలో ఉంది. తెర దాకా వచ్చినవాడు తెర తీయడా?

మాటలు అక్కడే ఆగిపోయాయి. నరసయ్య లేచాడు. "సరేప్పా, ఆలోచించుకోండి" అని వాకిట్లోకి వచ్చాడు. శీనా వెనక వచ్చాడు. నరసయ్య ఒక చెప్పు తొడిగాడు. రెండో చెప్పు తొడగలేదు. స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. కాలు కొంచెం ఎత్తి, మళ్ళీ దించి, చెప్పును బొటనవేలితో జరిపి, మళ్ళీ నిలబడ్డాడు. అంత సేపు ఒక చెప్పుతో నిలబడిన గిరాకిని నేను నా జన్మలో చూడలేదు. నాయన నావైపు చూశాడు. పిలవనా అని ఆయన కళ్ళు అడిగాయి. నేను తలుపు పక్కనున్న నీళ్ళచెంబు ఎత్తి తాగాను. అంత ఆశగా నిలబడినవాడు తనంతట తానే వెనక్కి వస్తాడు, తెర తీస్తానంటాడు, పిలిస్తే మనమే నష్టపోతామని నా లెక్క. నాయన ముఖం తిప్పుకుని వక్కాకు నమలడం మొదలుపెట్టాడు. వాకిట్లో నిలబడిన శీనా నేను చెంబు ఎత్తడం చూశాడు. నరసయ్య రెండో చెప్పు తొడిగాడు. వాళ్ళు పోయారు.

మేమేం దిగులుపడలేదు మొదట్లో. కబురు వస్తుందని కూర్చున్నాం. జమ్మలమడుగులో వాళ్ళు కూడా అట్లే కూర్చున్నారని తర్వాత తెలిసింది. ఎవరు ముందు కబురు పంపితే వాళ్ళకే అవసరమున్నట్టు. పండగ సరుకు కోసం వాళ్ళు ఆ ఏడాది మా అంగడికి రాలేదు, ఇంకో అంగడికి పోయారు. అది కూడా బిగింపే అనుకున్నాం. ఒకరోజు మా దగ్గరికి వచ్చిన గిరాకి ఒకామె ఇంకొకామెతో గుసగుసలాడింది: జమ్మలమడుగు నరసయ్య కొడుక్కు చాపాడు పిల్లను ఖాయం చేసినారంట, తాంబూలాలు కూడా మార్చుకున్నారంట అని. నా చెవులు అంతవరకు నాకు ఎప్పుడూ నష్టం చేయలేదు. ఆ మధ్యాహ్నం ఒక ముసలామె రైకగుడ్డ అడిగితే ఆమె చెప్పిన ధరకే ఇచ్చేశాను. నాయన చూస్తూనే ఉన్నాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం చూశాకే నేను లోపలికి పోయి ఏడ్చాను.

పులివెందుల సంబంధం ఆ తర్వాత వచ్చింది. పిల్లోడు బడిపంతులు. నాయన మామూలుగానే ఎక్కువ అడిగి మొదలుపెట్టాడు. పెళ్ళి మా ఊర్లోనే అన్నాడు. "సరే మామా" అన్నాడు పిల్లోడు. మా పాప గుడ్డలంగడి పెట్టుకుంటాది అన్నాడు. "మంచిదే గదా మామా, మా వీధిలో చోటుంది" అన్నాడు. తెర గిర ఏమీ ఉండదు అన్నాడు నాయన, ఏదో ఒకదానికి అవతలివాళ్ళు అడ్డం చెప్పాలి కదా అని. "తెర ఎందుకు మామా?" అని ఆ పిల్లోడు నిజంగానే అడిగాడు. నాయన ఆ రాత్రి నిద్రపోలేదు. "సరుకులో ఏదో లోపముంది" అన్నాడు అమ్మతో. "లేకుంటే ఇంత సులభంగా ఇచ్చేస్తారా?" లోపం ఏందో కనుక్కోవడానికి పులివెందుల పోయి బడి దగ్గర, టీ అంగడి దగ్గర, పంతులు గుడ్డలు కుట్టించుకునే దర్జీ మహబూబు దగ్గర ఆరా తీశాడు. మహబూబు చెప్పాడట: "లోపమా? ఉండాది సేటూ. కుట్టుకూలి ఎంతంటే అంత ఇచ్చిపోతాడు. పాపం, ఆ మనిషికి ఎవురన్నా తోడు కావాల." నాయన వెనక్కి వచ్చి ఆ లోపాన్ని ఒప్పుకుని పెళ్ళి చేశాడు.

మా ఆయన మంచి మనిషి. ఆ సంగతి ఇన్నేండ్లుగా నన్ను సతాయిస్తూనే ఉంది. బండి మీద చీనీకాయలు ఎంతంటే అంతకు కొనుక్కొస్తాడు. పైగా "ఒక కాయ ఎక్కువేసినాడు పాపం" అని సంబరపడతాడు. ఆటోవాడికి అడిగినంత ఇచ్చి మళ్ళీ థాంక్స్ చెబుతాడు. అంగడి పెట్టించి, గల్లా దగ్గర కూర్చోబెట్టి, ఆ వైపు తిరిగి చూడలేదు. అడిగిందల్లా ఇచ్చినవాడితో ఎట్లా పోట్లాడాలో నాకు చాలాకాలం తెలియలేదు. తెలిశాక బాగానే పోట్లాడాను. ఇప్పుడా అంగట్లో నా కొడుకు కూర్చుంటాడు. అద్దాల తలుపు, చల్లగాలి మిషను, ప్రతి చీరకూ ఒక చీటీ, చీటీ మీద ధర. "ఒకే ధర" అని గోడ మీద పెద్ద బోర్డు. గిరాకి చెప్పులతోనే లోపలికి వస్తుంది, చెప్పులతోనే బయటికి పోతుంది. ఎవరూ మెట్టు దగ్గర ఒంటికాలి మీద నిలబడరు. పిలవడానికి సందే లేదు. కొడుకు దాన్ని నిజాయితీ అంటాడు. నిజాయితీయే కావచ్చు. కానీ పోయేవాళ్ళు పోతూంటే వాళ్ళ వీపులు చూస్తూ కూర్చోవడం తప్ప వాడికి ఇంకో పనిలేదు.

జమ్మలమడుగులో ఆ అంగడి అట్లాగే ఉంది. హారిక ఫోన్ పట్టుకుని ముందు నడిచింది, నేను వెనక. పరుపు, తెల్లటి దుప్పటి, దిండ్లు. మెట్టు కింద చెప్పులు విడిచాను. ఇట్లా చెప్పులు విడిచి ఎన్నాళ్ళయిందో. అదే గంజివాసన, అదే కలరా ఉండలు. గల్లా దగ్గర ఒకామె కూర్చుని ఉంది. నా వయసే, కొంచెం లావు, ముక్కుకు రెండువైపులా పుడకలు. మమ్మల్ని చూడగానే "రాండి రాండి, నీళ్ళు తాగండి" అంది గానీ ఆమె కళ్ళు అప్పటికే నా చీర నేతను, గాజులను, హారిక చేతిలోని ఫోన్‌ను తూచేశాయి. పనిమంతురాలు. నేను కూర్చోవాల్సిన చోట ఆమె కూర్చుని ఉంది. అదే మొదట అనుకున్నాను, దాచడం ఎందుకు. నాకంటే బాగా కూర్చుందని రెండోది అనుకున్నాను.

నీలం నేతచీర ఒకటి పట్టుకుని బేరం మొదలుపెట్టాను. ఆమె ఒక ధర చెప్పింది. నేను నవ్వాను. ఆమె నా నవ్వును చూసి తను కూడా నవ్వింది. ఇద్దరం ఒకే బడిలో చదువుకున్నట్టు అనిపించింది. గోడ మీద దండ వేసిన ఫోటో ఉంది, నరసయ్యది. తెలియనట్టు, "మీ మామనా అమ్మా?" అని అడిగాను, బేరంలో కొంచెం ఊపిరి తీసుకోవడానికి.

"అవునక్కా. పోయి శానా దినాలాయె. మోకాళ్ళ నొప్పులతో అగసాట్లు పడినాడు పాపం. ఒక చెప్పేసుకుంటే రెండోది ఏసుకోను ఎంతసేపు పడుతాండెనో! ఎవురైనా పట్టుకుంటే ఒప్పుకోడు. స్తంభమో గోడో పట్టుకొని నిలబడుకుంటాండె. మా పెండ్లికి ముందునుంచే ఉండెనంట ఆ నొప్పి."

హారిక నా మోచేతి దగ్గర గిచ్చింది. నేను చీర అంచు చూస్తున్నాను. అంచు కనపడలేదు.

"అందుకే నన్ను ఈడ కూచోబెట్టినాడు" అంది ఆమె. "నేనొచ్చిన ఏడాదే. ఆడోళ్ళు మెట్టెక్కగూడదనే మనిషి! లేయలేక, కూచోలేక, ఇంగ నువ్వే చూసుకోమ్మా అనె."

"తెర ఉండేదేమో లోపల?" అన్నాను. నా నోరు నా మాట వినలేదు.

"తెరా? ఏదో పువ్వులది కట్టిండ్రి కొత్తల్లో. ఎలకలు కొరికేసె. మళ్ళ ఎవురు కడతారక్కా?" అని ఆమె చీర నా ఒళ్ళోకి జరిపింది. "ఇంగ చెప్పు, ఎంతకు తీసుకుంటావు?"

నేను సగానికి తక్కువ చెప్పాను. చీర విలువ అంత తక్కువ కాదని నాకు తెలుసు. కానీ ఆ క్షణంలో పోట్లాడడానికి ఏదో ఒకటి కావాలి. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. నేను లేవబోయినట్టు చేశాను. ఆమె ఆపలేదు. ఒక చెప్పు తొడిగేదాకా ఆపదని నాకు తెలుసు. అప్పుడు లోపలినుంచి ఒకాయన వచ్చాడు, చేతిలో కాఫీ గ్లాసుతో. జుట్టు తెల్లబడినా లొంగలేదు. నన్ను చూసి ఆగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ప్రొద్దుటూరు గదా మీది?" అన్నాడు.

"పులివెందుల" అన్నాను. "పుట్టిల్లు ప్రొద్దుటూరు."

తల ఊపాడు. ఇంకేమీ అడగలేదు. అడిగివుంటే నేనేం చెప్పేదాన్నో తెలియదు. భార్యవైపు తిరిగి, "ఆమె ఎంతంటే అంతకు ఇచ్చెయ్ పద్మా" అన్నాడు.

"ఏందీ?" అంది ఆమె. "సగానికి కూడా అడగలేదు!"

"ఇచ్చెయ్. ఎంతంటే అంత."

"మీరు లోపలికి పోండి ముందు. కాఫీ చల్లారతాంది. పోండి!" అని ఆయన్ను తరిమేసి, చీరను కాగితంలో చుడుతూ నాతో మొత్తుకుంది. "చూసినావా అక్కా? ఇందుకే ఈయనను ఈడ కూచోనియ్యను. ఎవురు లేచినా పిలిచి ఇచ్చేస్తాడు. చెప్పులు కూడా ఏసుకోనియ్యడు. అంగడోని కొడుకంటే ఎవురూ నమ్మరు. మా మామ అంటాండె, పెండ్లికి ముందు ఈయన యాడనో ఒక బేరంలో బాగా దెబ్బతిన్నాడంట, అప్పటినుంచి ఇట్లయినాడంట. యాడ, ఏం బేరం అంటే తండ్రీ చెప్పలే, కొడుకూ చెప్పలే. ఇట్లాంటోనితో బతకడమెంత కష్టమో నీకేం తెలుస్తాదిలే."

"తెలుసు" అన్నాను. "మా ఆయనా అంతే."

ఆమె నన్ను చూసి ఒక్కసారిగా నవ్వేసింది. చేయి పట్టుకుని మళ్ళీ రమ్మంది. నేను ఆమె చెప్పిన ధరకూ నా ధరకూ మధ్యలో ఒకటి చేతిలో పెట్టాను. ఇద్దరికీ కొంచెం కొంచెం నష్టమనిపించేటంత. న్యాయమైన బేరం అంటే అదే అని నాయన అనేవాడు.

పులివెందుల బస్సులో హారిక కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఫోన్ తీయలేదు. ముద్దనూరు దగ్గర పడుతుండగా అంది: "కథ చప్పగా అయిపోయింది అవ్వా. ఆ దారిలో పోయినా నువ్వు గల్లా కాడే కూచుంటావు. ఆయన ఆ దెబ్బ తినకుండా ఉంటే మీరిద్దరూ పొద్దస్తమానం బేరాలాడుకుంటాండ్రి. తిన్నందుకు తాత మాదిరి అయినాడు. ఇంగ దీంట్లో చదివేటోళ్ళకు ఏముంది?"

"వాకిట్లో వాళ్ళను పిలిచినారని రాయి" అన్నాను. "తర్వాత ఏమవుతుందో నీకెట్ల ఇష్టమైతే అట్ల రాసుకో."

"ఎవరు పిలిచినారని? మీ నాయనా?"

"ఆయనకు చెవుడు. పాపం, నేనెట్ల సైగ చేస్తే అట్ల చేసినాడు."

"మరి ఆ శీనానే వెనక్కి తిరిగి వచ్చినాడని రాయనా? అబ్బాయి తిరిగొస్తే అందరికీ నచ్చుతాది."

రాయమనే అనబోయాను. కథే కదా, కథలోనైనా అవతలివాడు దిగితే బాగుంటుంది. బస్సు ముద్దనూరులో ఆగింది, దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు, కండక్టరు విజిలు వేశాడు. హారిక ఫోన్ మీద బొటనవేళ్ళు ఆనించి నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూస్తోంది.

"వద్దులే" అన్నాను. "నేనే పిలిచినానని రాయి. పేరు మాత్రం మార్చు."